పులుపు పోదు

"నిమ్మకాయలు ఇప్పుడే పిండేసి ఉంచమ్మాయ్, పొద్దున్న పులిహోరకి కంగారు పడక్కర్లేదు" అన్నారు అత్తగారు. తెల్లారితే ముక్తేశ్వరం నుంచి ఆడపడుచు వాళ్ళు వస్తారు. పిండాను. గిన్నె మూతలేకుండానే గట్టు మీద ఉండిపోయింది.

అమలాపురంలో బీయస్సీ చదివేటప్పుడు ఈ రసంతోనే ప్రాక్టికల్ చేసేవాళ్ళం. సి విటమిన్‌కి గాలి పడదు, వేడి పడదు, వెలుతురూ పడదు. పిండగానే ఆమ్లం కలిపి, రంగుసీసాలో పోసి, చల్లగా దాచాలి. "శాంపిల్ మీకోసం ఆగదమ్మా. ఆలస్యం చేస్తే మీరు కొలిచేది మిగిలినదాన్నే" అనేవారు కామరాజు మాష్టారు. ఇప్పుడు ఆ ల్యాబులోనే డిమాన్‌స్ట్రేటర్ పోస్టు ఖాళీగా ఉందట. రేపు మధ్యాహ్నంలోగా వచ్చి ప్రిన్సిపాల్‌ని కలవమని, అక్కడ పాఠాలు చెప్పే నా స్నేహితురాలు సాయిదుర్గ కబురు పెట్టింది. సాయంత్రం మస్కట్ నుంచి ఫోన్ చేసిన మా ఆయనకి చెప్పాను. "ఇప్పుడెందుకే? అమ్మనెవరు చూస్తారు? చదువేమన్నా పాలా, విరిగిపోడానికి? ఎక్కడికీ పోదులే" అని నవ్వేరు. పెళ్ళైన కొత్తలో అదే మాట, పాప పుట్టినప్పుడూ అదే మాట. "ఆయ్" అన్నాను. ఈ ఇంట్లో రోజంతా నేను మాట్లాడేది దాదాపు ఆ ఒక్క మాటే.

పొద్దున్న అన్నం వార్చి, గంజి చల్లారాక రెండు గాజుగ్లాసుల్లో కాస్త కాస్త పోశాను. ఒకదాంట్లో చెంచాడు నిన్నటి రసం, రెండోదాంట్లో అప్పుడే పిండిన రసం చెంచాడు. పాప మోకాలి దెబ్బలకి రాసే టింక్చర్ అయొడిన్ తెచ్చి చుక్కచుక్కగా వేశాను. విటమిన్ ఉన్నంతసేపూ చుక్క రంగు మాయమైపోతుంది. అది అయిపోగానే గంజి నీలమవుతుంది. నిన్నటిదే ముందు నీలమైంది. అంతా పోలేదు, తగ్గింది. కొత్తది ఇంకా చుక్కల్ని మింగుతూనే ఉంది.

"అదేం రంగమ్మాయ్!" అంటూ అత్తగారు వచ్చి, గట్టుమీది గిన్నెలో వేలు ముంచి నాలిక్కి రాసుకున్నారు. "పులుపు బానే ఉందిగా?"

"పులుపు పోదండీ. అందుకే ఎవరికీ తెలీదు."

ఆవిడకి అర్థం కాలేదు. గ్లాసులు కడిగి బోర్లించాను.

"పులిహోర మీరు కలిపేయండి అత్తయ్యగారూ. నేను కాలేజీలో ఉద్యోగం అడగడానికి అమలాపురం బస్సెక్కుతున్నాను."

"వాడితో చెప్పేవా? ఏమన్నాడు?"

"ఎక్కడికీ పోదన్నారండీ" అన్నాను, చెప్పులు వేసుకుంటూ. "నేను వెళ్తున్నాను."