ఏడో నంబరు కస్టమర్

పై గుండీ పెట్టుకుంటే పెన్షన్ తాత. రెండు గుండీలు విప్పి చేతులు పైకి మడిస్తే తాగొచ్చిన మేస్త్రి. చొక్కా లోపలికి దోపి, ఫోను చెవికి అంటించుకుంటే ఎవరో పెద్దమనిషి బావమరిది. చొక్కా మాత్రం ఒక్కటే. శిక్షణ కేంద్రం బాత్‌రూమ్‌లో అద్దం ముందు నిలబడి అతను పై గుండీ పెట్టుకుంటున్నాడు. పొద్దున్నుంచి ఇది అయిదో వేషం. ఇంకా పదిహేడు మంది పిల్లలు వరసలో ఉన్నారు.

బ్యాంకు ఉద్యోగాలకు పిల్లల్ని తయారుచేసే ఆ కేంద్రంలో అతన్ని అందరూ 'కస్టమర్‌గారూ' అనే పిలుస్తారు. రెండో అంతస్తులో ఒక ఉత్తుత్తి బ్యాంకు ఉంది. రెండు కౌంటర్లు, సొరుగుల్లో రంగు కాగితాల నోట్లు, గోడకు గడియారం, మూలన 'మేనేజర్' అని పలక పెట్టిన బల్ల. కౌంటర్‌కి అటు పిల్లలు కూర్చుంటారు. ఇటు ఇతను నిలబడి అరుస్తాడు, బుకాయిస్తాడు, దొంగ సంతకం పెడతాడు, కాళ్లావేళ్లా పడతాడు. పది నిమిషాలు. ఆ పది నిమిషాల్లో నియమం తప్పకూడదు, నోరు జారకూడదు. ఆఖరి పరీక్ష అంటే అదే. వినడానికి ఎంత సులువో, ఆ కుర్చీలో కూర్చున్నవాడిని అడగాలి.

నిజానికి అతను చేరింది టీ ఇవ్వడానికి. పంతొమ్మిదేళ్ల కిందట కస్టమర్‌గా నటించే మనిషి రాకపోతే, పరీక్ష పెట్టే పెద్దసారు "నువ్వు నిలబడవయ్యా, ఊరికే గొడవపడు" అన్నారు. ట్రే కింద పెట్టి నిలబడ్డాడు. ఎంత బాగా గొడవపడ్డాడంటే కౌంటర్‌లో కుర్రాడు నిజంగానే ఏడ్చేశాడు. మర్నాటి నుంచి టీ ఇంకొకరు తెచ్చారు.

పెద్దసారు బ్యాంకులో ముప్ఫయ్యేళ్లు చేసి రిటైరైన మనిషి. మేనేజర్ పలక వెనకాల కూర్చుని, బల్లమీద గంట కొట్టే గడియారం పెట్టుకుని, మార్కులు వేస్తారు. తల ఎత్తరు. ఆయన పక్కనే ఒక బిస్కెట్ల డబ్బా, అందులో పన్నెండు చీటీలు. ఎవరికి ఏ నంబరు వస్తే, వాళ్ల ముందు ఇతను ఆ కస్టమర్ అయిపోవాలి.

అన్నిట్లోకీ పిల్లలకు హడలు ఏడో నంబరు. తండ్రి ఆసుపత్రిలో ఉంటాడు. ఖాతా తండ్రిది. సంతకం పెట్టే స్థితి కాదు. కొడుకు పాసుపుస్తకం పట్టుకుని వచ్చి, డబ్బు ఇవ్వమని ఏడుస్తాడు. "సంతకం లేనిదే కుదరదండీ" అని పది నిమిషాలు మర్యాదగా అంటూ కూర్చుంటే పాస్. కరిగిపోయి సొరుగు తెరిస్తే ఫెయిల్. మూడో దారి ఇంతవరకూ ఎవరూ తొక్కలేదు.

అలా కరిగిపోయినవాళ్లలో ఒకమ్మాయి ఉంది. రెండుసార్లు పరీక్ష రాసింది, రెండుసార్లూ మూడు నిమిషాలు తిరక్కుండా నోట్లు తీసి చేతిలో పెట్టింది. తోటివాళ్లు దానకర్ణి అని పేరు పెట్టారు. ఇవాళ మూడోసారి. నాలుగోసారి అనేది లేదు. రెండేళ్లు బట్టల దుకాణంలో నిలబడి కూడబెట్టినదంతా ఇక్కడ ఫీజుగా పోసింది. ఇవాళ పోతే, మళ్లీ ఆ దుకాణంలో చీరలు మడతపెట్టుకోవడమే.

"ఆ అమ్మాయి పేరు ముందే కొట్టేయనా? సిరా ఆదా" అన్నారు పెద్దసారు, భోజనానికి లేస్తూ. అందరూ నవ్వారు. అతను నవ్వలేదు. ఒళ్లు మండింది గానీ, ఆయనతో ఏమంటాడు!

మెట్ల కింద స్టూలు మీద కూర్చుని క్యారేజీ విప్పుతుంటే భార్య ఫోన్ చేసింది.

"ఏమండీ, ఇవాళ ఎంతమంది కోసం ఏడ్చారు?"

"ఇప్పటికి ఇద్దరు."

"ఊళ్లోవాళ్ల కోసం బకెట్లకి బకెట్లు. మా అమ్మ పోయినప్పుడు మాత్రం ఒక్క చుక్క రాలలేదు మహానుభావుడికి!"

"నువ్వా మాట ఆరేళ్ల నుంచీ అంటున్నావే."

"ఇంకో ఆరేళ్లు అంటాను. సరే గానీ, అన్నం మిగల్చకండి."

ఆవిడ హాస్యానికే అంటుంది, సగం. అయితే ఆ మాట నిజం. ఏడో నంబరులో తప్ప అతనికి ఏడుపు రాదు. ఆ సంగతి అతనికి తెలుసు, ఎవరికీ చెప్పలేదు.

రెండు ముద్దలు తిన్నాడో లేదో, ఎదురుగా ఆ అమ్మాయి వచ్చి నిలబడింది. వేళ్లు ఒకదాన్నొకటి పిసుక్కుంటోంది.

"కస్టమర్‌గారూ, ఒక్కమాట. నాకు మళ్లీ ఏడే వస్తే... కొంచెం తక్కువ ఏడవరూ?"

"ఏంటి?"

"కొంచెం తగ్గించండి. మీరు ఏడుస్తుంటే నా చెయ్యి ఆగదండీ."

"బట్టల కొట్టనుకున్నావా, డిస్కౌంట్ అడగడానికి? నేను తగ్గిస్తే రేపు బయటోడు తగ్గిస్తాడా?"

ఆ అమ్మాయి మొహం ఎర్రబడింది. "మీకేమండీ! పిల్లికి చెలగాటం..." అని, మిగతా సగం మింగేసి గబగబా మెట్లెక్కి వెళ్లిపోయింది.

చెలగాటమా! అతను క్యారేజీ మూసేశాడు. ముప్ఫై మూడేళ్ల కిందట, పంతొమ్మిదేళ్లప్పుడు, తండ్రి పాసుపుస్తకం పట్టుకుని అతను నిజం కౌంటర్ ముందు నిలబడ్డాడు. గుమాస్తా మంచివాడే, కసరలేదు. "సంతకం లేనిదే కుదరదు బాబూ" అన్నాడు. ఆసుపత్రికి పరుగెత్తాడు. తండ్రి చెయ్యి లేవలేదు. మళ్లీ బ్యాంకు. మళ్లీ ఆసుపత్రి. మూడో విడత వెళ్లేసరికి మంచం మీద దుప్పటి తల దాకా కప్పి ఉంది. డబ్బు అందితే బతికేవాడా అంటే, ఏమో, బతికేవాడు కాదేమో. కానీ ఆ పూటంతా కొడుకు రోడ్డు మీద ఉన్నాడు. తండ్రి పక్కన లేడు.

ఆ తరవాత తనూ బ్యాంకు పరీక్షలకు చదివాడు. చదువు మొదలుపెట్టిన నాలుగో ఏట, ఒక పుస్తకంలో, పేజీ అడుగున, చిన్న అక్షరాల్లో ఒక పేరా కనబడింది. ఖాతాదారు మంచం దిగలేకపోతే బ్యాంకు మనిషే వెళ్లి, ఒక సాక్షి ఎదుట వేలిముద్ర తీసుకోవచ్చు. అంతే, రెండు వాక్యాలు. దారి ఉంది. ఆ గుమాస్తా కుర్చీలోంచి లేవలేదు, అంతే. పుస్తకం మూసేశాడు. ఆ పరీక్ష పోయింది, తరవాతవీ పోయాయి, వయసు దాటిపోయింది.

ఏడో నంబరు చీటీ రాసిచ్చింది అతనే. పంతొమ్మిదేళ్లుగా ఆ పేరా ఎవరికీ చెప్పలేదు. చెప్పి లేపితే లేవడం గొప్పా? ఎవరో ఒకరు వాళ్లంతట వాళ్లు లేస్తారని చూస్తున్నాడు. వందలమంది కూర్చున్నారు, ఒక్కరూ లేవలేదు. ఇవాళ మాత్రం మెట్లవైపు చూస్తూ, పోనీ పిలిచి చెప్పేద్దామా అనుకున్నాడు. పాపం, ఆ పిల్ల బతుకు. రెండు మెట్లెక్కాడు కూడా. పైనుంచి గంట మోగింది.

దానకర్ణి వంతు అందరికన్నా ఆఖరున, నాలుగున్నరకు వచ్చింది. పాసైనవాళ్లు కూడా ఇళ్లకు పోకుండా గోడవారన నిలబడ్డారు. పోయే వికెట్ చూడ్డానికి జనం ఎప్పుడూ ఉంటారు. ఆ అమ్మాయి డబ్బాలో చెయ్యి పెట్టింది, చీటీ విప్పింది, పెదాలు తడుపుకుంది.

"ఏడు" అంది.

ఎవరో కిసుక్కుమన్నారు. పెద్దసారు గడియారం తిప్పారు.

అతను కౌంటర్ దగ్గరికి నడిచాడు. తగ్గించలేదు. "అమ్మా, మా నాన్న..." అన్న మాటతోనే కళ్లు నిండాయి. పాసుపుస్తకం కౌంటర్ అద్దం కిందనుంచి తోశాడు. ఆసుపత్రివాళ్లు డబ్బు కట్టందే సూది వెయ్యమంటున్నారన్నాడు. ఆమె చెయ్యి సొరుగు మీదికి పోయింది. వద్దు తల్లీ, వద్దు, అని అతని మనసులో ఎవరో నెత్తీనోరూ కొట్టుకుంటున్నారు. పైకి మాత్రం ఏడుపు సాగుతూనే ఉంది. మూడు నిమిషాలు. నాలుగు.

ఆమె సొరుగు తెరవలేదు. తాళం వేసింది.

"ఆయన స్పృహలో ఉన్నారా అండీ?"

"ఉన్నాడమ్మా. మాట్లాడతాడు. చెయ్యే... సంతకానికి చెయ్యి లేవదు."

"బొటనవేలు?"

"ఏంటి?"

"బొటనవేలు ఉంది కదండీ. నేను పట్టుకుంటాను."

పంతొమ్మిదేళ్లలో ఎవరూ అడగని ప్రశ్నకు మాట ఎక్కడ తయారుగా ఉంటుంది! ఆమె లేచింది. తాళంచెవి పక్క కౌంటర్ కుర్రాడి చేతికిచ్చి, తాళంచెవి పుస్తకంలో సంతకం పెట్టించుకుంది. స్టాంప్ ప్యాడ్, ఒక విత్‌డ్రాయల్ ఫారం తీసుకుని మూల బల్ల దగ్గరికి వెళ్లింది.

"మేనేజర్ సార్."

పెద్దసారు తల ఎత్తి, తన వెనక ఎవరైనా ఉన్నారేమోనని చూశారు. "నాతోనా?"

"పలక మీ ముందే ఉంది కదండీ."

"పరీక్షలోకి నన్ను లాగకూడదమ్మా."

"ఖాతాదారు మంచం మీదున్నాడు సార్. నేను వెళ్లాలంటే మీ అనుమతి కావాలి. సాక్షిగా కూడా మీరే రావాలి. నియమాల పుస్తకంలో ఉంది."

"ఏ పేజీ?"

"నూట ముప్ఫై ఎనిమిది. కింద. చిన్న అక్షరాలు."

ఆయన కళ్లద్దాలు తీశారు. "అది ఎవరూ చదవరే. నువ్వెందుకు చదివావు?"

"రెండుసార్లు పోయాను కదండీ. ఇవ్వడానికి దారి ఎక్కడైనా ఉందా అని వెతికాను. కాదనడానికి మిగతా పుస్తకమంతా ఉంది."

పెద్దసారు కళ్లద్దాలు మళ్లీ పెట్టుకుని, గడియారం చేతిలోకి తీసుకున్నారు. "గడియారం ఆపను, చెప్తున్నా" అన్నారు చివరికి.

"ఆపొద్దండీ. అక్కడ ఆయనకీ ఆగదు."

ఏడో నిమిషం నడుస్తోంది. వరండాలో ఉన్న బెంచీని ఆసుపత్రి మంచం అనుకున్నారు. పడుకునే రోగి కావాలి. అందరూ అతనివైపే చూశారు. ముప్ఫై మూడేళ్లుగా అతను కొడుకే. ఇప్పుడు బెంచీ మీద వెల్లకిలా పడుకుని తండ్రయ్యాడు. ఆ అమ్మాయి పక్కన మోకాళ్ల మీద కూర్చుని, చెవి దగ్గరికి వంగింది.

"అయ్యా, నేను బ్యాంకు నుంచి వచ్చాను."

ఆ ఒక్క మాట కోసం ఎన్నేళ్లు చూశాడు!

"మీ పేరు చెప్పగలరా?"

చెప్పాడు. ఆమె రాసుకుంది.

"మీ డబ్బు మీ అబ్బాయికి ఇమ్మంటారా?"

అతని కళ్లు పైకప్పు మీదున్నాయి. పెద్దసారు చేతిలో గడియారం టిక్కుటిక్కుమంటోంది. ఇంక ఒక్క నిమిషం ఉంది.

"ఇవ్వమ్మా" అన్నాడు. "పొద్దున్నుంచి కాళ్లకి బలపాలు కట్టుకుని తిరుగుతున్నాడు పిచ్చివెధవ. ఇంక తిరగొద్దని చెప్పు. వచ్చి నా పక్కన కాసేపు కూర్చోమను."

ఆమె అతని బొటనవేలు పట్టుకుని ప్యాడ్ మీద అద్ది, ఫారం మీద ఒత్తింది. పెద్దసారు జేబులన్నీ వెతుక్కుని పెన్ను తీసి, వంగి, సాక్షి సంతకం పెట్టారు. ఆఖరి అక్షరం ముగిసిందో లేదో గంట కొట్టింది.



"తాళంచెవి పుస్తకంలో టైం వెయ్యలేదు నువ్వు" అన్నారు పెద్దసారు, మార్కుల కాగితం తీసి. "ఒక మార్కు తగ్గించాను. పాస్."

ఆ అమ్మాయి అక్కడే నేల మీద చతికిలబడి వెక్కివెక్కి ఏడ్చింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. "కస్టమర్‌గారూ, యాక్షన్ అదరగొట్టారు!" అన్నాడొకడు. అతను కళ్లు మూసుకుని పడుకునే ఉన్నాడు. కన్నీళ్లు చెవుల్లోకి కారుతున్నాయి, తుడుచుకోవాలని కూడా తోచలేదు.

పిల్లలు వెళ్లాక లేచి, మొహం కడుక్కుని, పెద్దసారు దగ్గరికి వచ్చాడు.

"రేపట్నుంచి రానండీ."

"ఏమయ్యా, జీతం సంగతా?"

"కాదండీ. ఏడో నంబరు ఇంక నావల్ల కాదు."

"మిగతా పదకొండు ఉన్నాయి కదయ్యా."

"వాటికి ఎవరైనా దొరుకుతారు. గొడవపడేవాళ్లకి కొదవా!" దణ్ణం పెట్టి మెట్లు దిగాడు. దిగుతూనే భార్యకు ఫోన్ చేశాడు.

"ఏమే, ఇవాళ నిజంగా ఏడ్చాను."

అవతల ఎప్పటి హాస్యం రాలేదు. "ఏమైందండీ? ఎవరికి?"

"మా నాన్న పోయాడే" అన్నాడు.

ఆవిడ ఎదురు ప్రశ్న వెయ్యలేదు. "ఇంటికి రండి. ముందు ఇంటికి వచ్చెయ్యండి" అంది.

పైన పెద్దసారు దీపాలు ఆర్పుతూ వరండాలోకి వచ్చి, ఫైల్లో పెట్టడానికి ఫారం తీశారు. ఏడో చీటీలో ఉన్న ఖాతాదారు పేరు ఆయనకు కంఠతా. ఇందులో ఉన్నది అది కాదు. ఇంకెవరిదో, ఇంటిపేరుతో సహా. ఆ ఇంటిపేరు నెలనెలా జీతాల పుస్తకంలో, కస్టమర్‌గారి పేరు ముందు, ఆయన చూసేదే. తొందర తొందరగా కిటికీ దగ్గరికి వెళ్లి వీధిలోకి చూశారు. ఆఫీసులు వదిలిన జనంలో ఎవరు ఎవరో తెలియలేదు.

ఫారం మళ్లీ బెంచీ మీదే పెట్టేశారు. సంతకం ఉండాల్సిన గీత మీద నీలం వేలిముద్ర, గట్టిగా ఒత్తినందుకు ఒక అంచు కాస్త చెదిరి, ఇంకా తడిగానే ఉంది.