తన పేరు మీద కొన్న లాప్‌టాప్

ఇంట్లో ఆమెను అందరూ కందిరీగ అంటారు. పేరు పెట్టింది నాన్నే. పుట్టుకతో చూపులేని పిల్ల కదా అని చిన్నప్పుడు వచ్చిన చుట్టమల్లా చెయ్యి పట్టుకుని నడిపించబోతే, విదిలించుకుని వాళ్ల చేతి మీద ఒక్కటిచ్చేదట. "ముట్టుకుంటే కుడుతుంది, అది కందిరీగ" అని నాన్న నవ్వాడు. పేరు ఉండిపోయింది. కోపమూ ఉండిపోయింది.

అయితే ఆ మధ్యాహ్నం బావ అట్టపెట్టె చంకన పెట్టుకుని గడప దాటినప్పుడు ఆమెకు కోపమేమీ లేదు. పట్టరాని సంబరంగా ఉంది. లా చదవడానికి యూనివర్సిటీలో సీటొచ్చింది. ఆ ఇంట్లో పుట్టినవాళ్లలో యూనివర్సిటీ మెట్లెక్కబోయే మొదటి మనిషి ఆమె. సీటుకంటే పెద్ద కబురు ఇంకొకటి చెప్పారక్కడ. పరీక్షలు సొంత లాప్‌టాప్ మీద తనే టైపు చేసి రాయొచ్చట. ఇప్పటిదాకా ప్రతి పరీక్షా ఆమె చెప్తుంటే పక్కన కూర్చుని ఇంకెవరో రాసిందే. ఆమె పేజీడు చెప్తే అరపేజీ రాసి "చాల్లే అక్కా, అర్థం వచ్చేసింది" అన్నవాళ్లున్నారు. ఆ మార్కుల్లో తన బుర్ర ఎంతో, వాళ్ల బద్ధకం ఎంతో ఆమెకు ఏనాడూ తేలలేదు. ఇకమీదట ఒప్పయినా తప్పయినా తన వేళ్లదే. ఆ పెట్టె కోసం ఆమె అంతగా ఎదురుచూసింది అందుకే.

డబ్బు నాన్నది. ముందుగదిలో కాలిపోయిన మోటార్లకు మళ్లీ రాగితీగ చుట్టి కూడబెట్టింది. కొనే పెత్తనం మాత్రం బావది. బావ ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చుంటాడు కాబట్టి, మిక్సీ దగ్గర్నుంచి ఫోన్ దాకా ఆ ఇంట్లో ఏది కొన్నా ఆయన సరేనంటేనే సరే. "నేనూ వస్తా బావా" అని ఆమె బతిమాలింది కూడా.

"ఎండలో నువ్వెందుకు మరదలా? చూసి కొనే వస్తువది. నేను చూస్తాగా" అన్నాడు.

ఆ మాట అప్పుడే గుచ్చుకుంది. పండగలాంటి రోజు పాడుచేసుకోవడమెందుకని మింగేసింది.

బావ పెట్టె విప్పి లాప్‌టాప్‌ను మంచం మీద పెట్టాడు. అక్క ముందుకు జరిగింది. అమ్మ తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ వంటింట్లోంచి వచ్చింది. నాన్న మాత్రం ముందుగదిలో తీగ చుట్టడం ఆపకుండానే చెవి ఇటు పడేశాడు.

"అద్దంలా ఉంది కదూ అత్తయ్యా!"

"అబ్బ! ఆ రంగులు చూడండి అల్లుడుగారూ, కళ్లు జిగేల్మంటున్నాయి" అంది అమ్మ.

"సన్నగా ఎంత ముద్దుగా ఉందో" అంది అక్క.

అందరి మెప్పులూ అయ్యాక ఆమె వంతొచ్చింది. మూత మీద చెయ్యి వేసింది. చల్లగా, పలచగా ఉంది. వేళ్లు కీబోర్డు మీదికి దించింది. చూపుడువేళ్లు ఆనాల్సిన రెండు కీల మీద ఉండే సన్నటి గీతలు దొరికాయి. ప్రాణం లేచొచ్చింది. అక్కణ్ణుంచి పైకి, అంకెల వరస దాటి ఇంకా పైకి వెళ్లింది. అక్కడ కీలు లేవు. నున్నటి గాజు పట్టీ ఉంది.

"బావా, పై వరస కీలేవి?"

"అదే కదమ్మా దీని గొప్పతనం! అక్కడ కీలుండవు, అంతా టచ్. మనం ఏ పని చేస్తుంటే దానికి తగ్గ బొమ్మలు అక్కడ వెలుగుతాయి."

"బొమ్మలు వెలుగుతాయి."

"ఆఁ."

"మరి నేనెలా నొక్కాలి?"

ఆమె వాడేది స్క్రీన్ మీదున్న అక్షరాలను పైకి చదివి వినిపించే ప్రోగ్రాం. దానికి మౌస్‌తో పనిలేదు, అంతా కీలతోనే. అందులో సగం పనులు ఆ పై వరసలోనే ఉంటాయి. కాలేజీలో అలాంటి కీబోర్డు మీదే ఆమె నేర్చుకుంది. గాజు మీద ఏది ఎక్కడుందో ఏ వేలికి తెలుస్తుంది?

"అలవాటైపోతుందిలే" అన్నాడు బావ.

ఆమె లాప్‌టాప్ అంచులు తడిమింది. ఒక పక్క, ఇంకో పక్క, వెనక. "హెడ్‌ఫోన్ వైరు పెట్టుకునే కన్నమేది?"

"ఏ కాలంలో ఉన్నావమ్మా నువ్వు? వైర్లెవరు వాడుతున్నారు? అంతా బ్లూటూత్."

"పరీక్ష హాల్లోకి బ్లూటూత్ రానివ్వరు బావా. వైరుదే పెట్టుకోవాలి. కనీసం పదిసార్లు చెప్పాను నీకు."

"చెప్పావా?"

అంతే. ఆమె మూత టప్పున మూసేసింది.

"చెప్పులు కొనడానికైతే నా కాళ్లు తీసుకెళ్తారు కదా. దీనికి నా వేళ్లెందుకు తీసుకెళ్లలేదు? కొన్నది నాకా, నీ ఆఫీసులో చూపించుకోడానికా?"

"ఏమే! అల్లుడుగారితో మాట్లాడే తీరేనా అది?" అమ్మ గయ్యిమంది.

"పోనివ్వండత్తయ్యా. మంచికి పోతే మనకి దక్కే మర్యాద ఇది. మూడు షాపులు తిరిగాను తన కోసం."

"మూడు షాపులు తిరిగినవాడివి ఒక్క ఫోన్ చెయ్యలేకపోయావా? మాట్లాడ్డం వచ్చు నాకు. వినడం అంతకన్నా బాగా వచ్చు."

"నోరు కాస్త తగ్గించవే" అని అక్క మోచేయి పట్టుకుంది. "కొన్నాళ్లు సర్దుకో. మీ బావ ఏదో ఒక దారి చూస్తారు."

"సర్దుకుని పరీక్షలో ఏం రాయను, సర్దుకున్నానని రాయనా?"

అప్పుడు ముందుగదిలో మోటారు కింద పెట్టిన చప్పుడైంది. నాన్న గుమ్మం దాకా వచ్చాడు. చేతులకున్న వార్నిష్ వాసన ఆయనకంటే ముందొచ్చింది. "దాని పనికి రాదంటోందిగా. మార్పించుకు రండి" అన్నాడు. అల్లుడి వైపు తిరిగి, "ఏమనుకోకు బాబూ" అని కూడా అన్నాడు. ఆ రెండో మాట ఎందుకన్నాడో ఆమెకు అర్థమైంది. కానీ కోపం ఇంకో పిసరు పెరిగిందే తప్ప తగ్గలేదు. తప్పు చేసినవాడు ముభావంగా నిలబడితే, డబ్బు పోసినవాడు బతిమాలుకోవాలా?

ఆటోలో ముగ్గురూ షాపుకి బయల్దేరారు. అక్క మధ్యలో కూర్చుంది.

షాపులో చలిపెట్టేంత ఏసీ, చెవులు పగిలేంత పాట. సేల్స్‌మాన్ బావని గుర్తుపట్టి ఎదురొచ్చాడు. "ఏం సార్, మేడమ్‌కి నచ్చలేదా? మేడమ్‌కి ఏం ప్రాబ్లమట?"

"మేడమ్‌కి నోరుంది. మేడమ్‌నే అడగండి" అంది కందిరీగ.

అడిగాడు. చెప్పింది. విడిగా తెలిసే కీలు, పై వరస, వైరు పెట్టే కన్నం. అతను విని, బావ వైపు తిరిగి, "పెట్టె విప్పేశారు కదా సార్, వెనక్కి తీసుకోం. వేరేది ఇస్తాం, దానికీ మేనేజర్ ఒప్పుకోవాలి" అన్నాడు. అంత చెప్పాక కూడా జవాబు బావకే వెళ్లింది.

"ఒప్పించండి. ఈలోగా ఇక్కడున్నవి చూస్తాను" అంది. చూస్తాను అన్నందుకు ఎవరో పక్కన కిసుక్కున నవ్వారు. ఆమె పట్టించుకోలేదు.

బల్ల మీద వరసగా పెట్టిన లాప్‌టాప్‌ల మీద చెయ్యి వేసింది. ప్రతి కీబోర్డు మీదా దుమ్ము పడకుండా పలచటి ప్లాస్టిక్ తొడుగు ఉంది. దాని కింద అన్ని కీలూ ఒక్కలాగే తగులుతున్నాయి.

"ఇది తీయండి."

"అది తీయకూడదు మేడమ్."

"తీయకుండా నాకు తెలీదు."

"ఫొటో చూపిస్తా మేడమ్, కీలు ఎలా ఉంటాయో..."

ఆమె గోరుతో అంచు పట్టి తొడుగును చర్రున లాగేసింది. మూడు కీలు కలిపి నొక్కగానే లాప్‌టాప్ మాట్లాడటం మొదలెట్టింది. ఇంకో రెండు నొక్కి వేగం పెంచింది. తనకు అలవాటైన వేగం అది. వినేవాళ్లకు మాత్రం చీమలదండు పెళ్లికి పరిగెడుతున్నట్టుంటుంది. చుట్టూ ఉన్నవాళ్లు ఆగిపోయారు.

"సార్, వైరస్ ఎక్కినట్టుంది" అన్నాడు సేల్స్‌మాన్ కంగారుగా.

"వైరస్ కాదు. మీ షాపు వైఫై పని చెయ్యడం లేదని చెప్తోంది" అంది.

ఒకటి తర్వాత ఒకటి, బల్ల ఆ చివరిదాకా వెళ్లింది. కొన్నిటికి కన్నం లేదు. కొన్నిటి కీలు రేకుకు అంటించినట్టు ఎత్తే లేవు. చివరికి మూలనున్న ఒక మందపాటి లాప్‌టాప్ దగ్గర ఆగింది. కీలు మధ్యలో కాస్త గుంటపడి, వేలికి కుదురుగా ఉన్నాయి. పై వరస నాలుగేసి కీలకొక సందుతో విడివిడిగా ఉంది. నొక్కితే టక్కున లోపలికి దిగి పైకొచ్చింది. పక్కన కన్నంలో తన హెడ్‌ఫోన్ పెట్టి చూసింది. బిగుతుగా పట్టింది. ఒక పేరా టైపు చేసింది, తిరిగి చదివించుకుంది. తప్పు లేదు.

"ఇదే కావాలి."

"వద్దు మేడమ్, అది ఎవరూ కొనట్లేదు. స్క్రీన్ బాగా డల్. పక్కనుంచి చూస్తే అసలు కనబడదు."

"ఎదురుగా కూర్చున్నా నాకు కనబడదు. ప్యాక్ చెయ్యండి."

ఈసారి నవ్వినవాళ్లు గట్టిగానే నవ్వారు. మేనేజర్ వచ్చి లాప్‌టాప్ తిప్పి చూసి, ఒప్పుకున్నాడు. "బిల్లు సార్ పేరు మీద ఉంది కాబట్టి సార్ ఫోన్‌కి ఓటీపీ వస్తుంది. అది చెప్తే మార్చేస్తాం" అన్నాడు.

బావ జేబులో ఫోన్ టింగుమంది.

"సార్, ఓటీపీ?"

"ఒక్క నిమిషం" అని ఆమెను పక్కకు పిలిచాడు. గొంతు తగ్గించాడు. "ఇది చూడు. నీకు కావలసిన కీబోర్డు విడిగా దొరుకుతుంది. తెచ్చి దీనికే తగిలిద్దాం. వైరుకి కూడా ఏదో ముక్క దొరుకుతుంది. మంచి స్క్రీన్ ఎందుకు వదులుకోవడం?"

"స్క్రీన్‌తో నాకేం పని బావా?"

"నీకు లేదనే కదా!" బావకి విసుగొచ్చింది. మనసులో మాట అప్పుడు బయటపడింది. "నువ్వు స్క్రీన్ వాడవు. అది ఊరికే పోవడమెందుకని మంచిది చూశాను. నువ్వు చదువుకోనప్పుడు అత్తయ్య సీరియల్ చూసుకుంటుంది, మేమొస్తే పిల్లలు బొమ్మలు చూస్తారు. ఇంట్లో నలుగురికీ పనికొచ్చేట్టు ఆలోచించడం తప్పా? మీ అక్క కూడా పెద్ద స్క్రీన్ ఉంటే బాగుంటుందంది. అడుగు."

ఇంతసేపూ బావ తనను మరిచిపోయాడనుకుంది ఆమె. ఆయన మరిచిపోలేదు. బాగా గుర్తుపెట్టుకునే, తనను లెక్కలోంచి తీసేశాడు. మరుపుకైతే క్షమాపణ ఉంటుంది. దీనికేముంది?

"అయితే అది నాకు కొనలేదు" అంది. గొంతు తగ్గించలేదు. "నా పేరు మీద కొన్నావు. నా కళ్లు లేకపోవడం కూడా మీ సీరియళ్లకే పనికొచ్చిందన్నమాట. పరీక్ష హాల్లో ఒక చేత్తో లాప్‌టాప్, ఒక చేత్తో కీబోర్డు, ఇంకో చేత్తో ముక్కలు పట్టుకుని వెళ్లాలా? నాకెన్ని చేతులున్నాయనుకున్నావు?"

"అరవకు. అందరూ చూస్తున్నారు."

"చూడనీ. ఇక్కడ స్క్రీన్‌లు చూడ్డానికేగా వచ్చారు, నన్నూ చూడనీ. ఓటీపీ చెప్పు."

"ఇంటికెళ్లి మాట్లాడుకుందాం" అని బావ తలుపు వైపు అడుగేశాడు.

"అక్కా" అంది ఆమె. "నువ్వు నిజంగా అన్నావా?"

అక్క గాజులు సవరించుకున్న చప్పుడైంది. "అన్నాను" అంది చివరికి. "అన్నానే. ఆలోచించకుండా అన్నాను." తర్వాత మొగుడితో అంది, "ఫోన్ ఇటివ్వండి."

"నువ్వు మధ్యలో..."

"మధ్యలోనే కదా ఉన్నాను ఇందాకట్నుంచీ. ఇటివ్వండి."

ఫోన్ చేతులు మారిన అలికిడి వినబడింది. అక్క కౌంటర్ దగ్గరికి వెళ్లి, షాపంతా వినబడేట్టు ఓటీపీ అంకె అంకె విడగొట్టి చదివింది.

ఆటోలో ఈసారి బావ డ్రైవర్ పక్కన కూర్చున్నాడు. ఇంటి ముందు దింపి, అమ్మ పిలుస్తున్నా లోపలికి రాకుండా, పనుందని వెళ్లిపోయాడు. "అల్లుడు మంచినీళ్లైనా తాగకుండా వెళ్లాడు, ఇప్పుడు చల్లగా ఉందా నీకు?" అని అమ్మ వంటింట్లో గిన్నెలన్నీ ఒకసారి కదిపింది. ముందుగదిలో నాన్న తీగ చుట్టడం మళ్లీ మొదలైంది.

ఆమె లాప్‌టాప్‌ను వెనకగదిలో బల్ల మీద పెట్టుకుని, స్క్రీన్ వెలుగు పూర్తిగా చంపేసింది. బ్యాటరీకి మంచిది. అంతకంటే, ఆ వెలుగు ఈ ఇంట్లో ఇంకెవరికీ లేకుండా పోవడం ఆ పూట ఆమెకు కావలసిందే. యూనివర్సిటీ వాళ్లు పంపిన మొదటి పాఠం తెరిచి, చదివించుకోవడం మొదలెట్టింది. కోపం ఇంకా ఉంది. అది పక్కన కూర్చుంటే కూర్చుంది, పాఠానికి అడ్డం రాలేదు.

కాసేపటికి అక్క వచ్చి మంచం మీద కూర్చుంది. పదో తరగతి దాకా పుస్తకాలన్నీ చెల్లెలికి చదివి వినిపించిన అక్క. చీకటి స్క్రీన్ వైపు చూసి, "ఆగిపోయిందా ఇది?" అంది.

"లేదు. చదువుతోంది."

అక్క కొంచెం సేపు విన్నది. "ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. కాస్త నెమ్మదిగా పెట్టవే, నేనూ వింటాను."

వేగం తగ్గించే కీ వేలి కింద సిద్ధంగా ఉంది. ఆమె వేలు పక్కకు తీసేసింది.

"రేపు పెడతానే అక్కా. ఇవాళ నన్ను చదువుకోనీ."