ఇటుక పెడితే పర్మినెంటు

మా వదిన నిండు చూలాలు. పోయిన వానాకాలం మురుగు గుడిసెలోకి వచ్చి, జ్వరం తగిలి ఆమె తొలి బిడ్డ పోయాడు. ఈసారి అలా కాకూడదని గుమ్మం ముందు మోకాలెత్తు ఇటుక గోడ కట్టించుకుంది. కట్టింది మా అన్నే, మేస్త్రీ కదా. మున్సిపల్ ఆఫీసు మనుషులు వచ్చి దాన్ని గునపాలతో పొడిచి పడగొట్టారు. నా కళ్ళారా చూశాను.

"రేకులేసుకోండి, టార్పాలిన్ కప్పుకోండి, చూసీ చూడనట్టు పోతాం. ఇటుక పెడితే పర్మినెంటు అయిపోతుంది," అన్నాడు వాళ్ళ సూపర్‌వైజరు.

"మురుగొస్తే బిడ్డ దక్కదు సారూ," అంది వదిన.

"మిమ్మల్నెవడు రమ్మన్నాడిక్కడికి?"

ఎవడు రమ్మన్నాడా! చదువుకునే పిల్లలు కూడా అడుగుతుంటారు, పేదలు గుడిసెలెందుకు వేసుకుంటారని. రాసుకోండి నాయనా. కాంట్రాక్టరు లారీలెక్కించి తెచ్చాడు. మేడలు కట్టించుకున్నాడు. అందులో ఒక గది అద్దెకడిగితే నెలంతా చేసిన కూలి చాలదన్నారు. పొద్దున్నే పిలిస్తే పలికేంత దగ్గర్లో ఉండాలి, కంటికి మాత్రం కనబడకూడదు. మావి చేతగాక వేసుకున్న గుడిసెలు కావు, చేతులు కట్టేస్తే వేసుకున్నవి.

మర్నాడు ఆ కాంట్రాక్టరే దిగాడు, వెనకాల ఇటుకల లారీలు. ఎవరో పెద్దమనిషి ఆ రోడ్డున పోతాడట. మా గుడిసెలు ఆయన కంట పడకుండా రోడ్డు పొడుగునా గోడ లేపాలట. లేపాల్సింది మేమేనట!

ఇటుకలు దించేసి అతను వెళ్ళాక పంపు దగ్గర అందరం కూడాం.

"కూలి కూలే కదా, కడదాం," అన్నాడు ముసలి మేస్త్రీ.

"నీ గొయ్యి నువ్వే తవ్వుకుని కూలడుగుతావా తాతా?" అన్నాను.

"మనం కాదంటే ఇంకోడు కడతాడే. తిండి నువ్వు పెడతావా?"

అరుపులు లేచాయి. ఒకరి మాట ఒకరికి వినబడలేదు. వదిన నడుం పట్టుకుని లేచింది.

"ఇటుకలొచ్చాయి. సిమెంటొచ్చింది. మేస్త్రీలున్నారు. రోడ్డుకెందుకు గోడ? మన గుడిసెలకే కట్టుకుందాం. నేనొక్కదాన్నే కట్టించుకున్నాను కాబట్టి పడగొట్టారు. అందరం ఒకేసారి కడితే ఎన్ని పడగొడతారో చూద్దాం!"

ముసలి మేస్త్రీ తల గోక్కున్నాడు. "నీ దుంపతెగ, జన్మంతా ఊళ్ళోవాళ్ళకి కట్టాను, ఈ మాట నాకు తట్టలేదే!" అంటూ తాపీ తీశాడు.

మధ్యాహ్నానికి ప్రతి గుడిసె చుట్టూ నడుమెత్తు గోడ లేచింది, ఇంకా లేస్తూనే ఉంది. కాంట్రాక్టరు వచ్చి చూసి లబోదిబోమన్నాడు. "దొంగల్లారా! నా ఇటుకలు!"

"గోడ కట్టమన్నావుగా, కట్టాం," అన్నాడు మా అన్న. అందరం గొల్లున నవ్వాం.

పోలీసు వ్యానొచ్చింది. చేతిలో తాపీ ఉన్న ప్రతివాణ్ణీ లాఠీలతో బాది ఎక్కించారు. ముసలి మేస్త్రీ నెత్తి పగిలింది. తాపీలు బురదలో పడ్డాయి. వ్యాను కదిలింది.

"పీడా పోయింది. తట్టలు మోసే ఆడాళ్ళేం కడతార్లే," అని కాంట్రాక్టరు సిగరెట్ వెలిగించాడు.

నిజమే, మాకెవరూ ఏనాడూ తాపీ ఇవ్వలేదు. మా మగాళ్ళూ ఇవ్వలేదు. ఆ కోపం నాకిప్పటికీ ఉంది. వదిన వంగలేక వంగి అన్న తాపీ తీసుకుంది. పక్క గుడిసె ముసలమ్మ ఒకటి తీసింది, ఆమె కోడలు ఇంకోటి. చూస్తుండగా బురదలో ఒక్క తాపీ మిగల్లేదు.

"గోడ వంకరగా వస్తోంది వదినా."

"రానీవే. నిలబడితే చాలు. ఇంకో ఇటుకివ్వు."

కాంట్రాక్టరు సిగరెట్ పారేసి ఫోన్ తీశాడు. "మళ్ళీ వ్యాను పంపండి సార్!" అని అరిచాడు. ఒకసారి బస్తీ అంతా కలయజూశాడు. "కాదు సార్... ఒకటి చాలదు!"