అడుగున ఉన్న ట్రే

తెల్లవారేసరికి గోపన్‌పల్లి మీద మబ్బు పట్టి, కురవాలో వద్దో తేల్చుకోలేనట్టు ఊరుకుంది. వాసంతి బాల్కనీలో ఆరీ ఆరని బట్టలు తీస్తోంది.

"ఇవాళ ఆఫీసులో ఉద్యోగం మానేస్తున్నానని చెప్పేసెయ్. అమ్మ ఒక్కతీ ఎంతకని చేస్తుంది?" అన్నాడు భర్త అవినాష్, ఫోన్‌లోంచి తలెత్తకుండా.

వంటింట్లోంచి అత్తగారు భ్రమరాంబ అందుకుంది. "అక్కడెక్కడో ట్రేలు పేర్చడమెందుకు, పేర్చుకోడానికి మనింట్లో గిన్నెల్లేవా ఏంటమ్మా?"

వాసంతి నవ్వి, తీసిన బట్టలు మడతపెట్టింది. పెళ్లైన కొత్తలో 'పిల్ల నోట్లో నాలుక లేదు' అని అందరూ మెచ్చుకున్నారు. ఆ మెప్పు నిలబెట్టుకోవడమే ఆమెకు పనైంది. 'పనిమనిషి రాకపోతేనేం, నువ్వున్నావుగా' అన్నా నవ్వింది. 'నీది ఉద్యోగమా, కాలక్షేపం' అన్నా నవ్వింది. సరే అనడం ఎంత అలవాటైందంటే, ఆ ఉదయం గచ్చిబౌలి బస్సులో, మానేస్తున్నానని చెప్పే మాటలు కూడా మనసులో కూడబలుక్కుంది.

ఆఫీసులకు భోజనాలు వెళ్లే ప్లాస్టిక్ ట్రేలు తయారుచేసే కంపెనీలో ఆమెకు వాటిని పరీక్షించే పని. ట్రేలు నింపి, ఒకదానిమీద ఒకటి పేర్చి, వ్యాన్‌లో తిప్పి తెచ్చి, ఏది వంగిందో చూడాలి. ఇన్నాళ్లూ చన్నీళ్లు పోసి చూశారు, అన్నీ నిలిచాయి. ఇవాళ ఆమె కింది క్యాంటీన్ నుంచి మరిగే సాంబారు తెప్పించింది.

"నీళ్లు చాలు కదండీ, సాంబారు దండగ," అన్నాడు మేనేజర్ లోహిత్.

"అందులో వెళ్లేది నీళ్లు కాదు కదండీ."

డ్రైవర్ ఐలయ్య ఖాజాగూడ దాకా తిప్పి తెచ్చి, వ్యాన్ తలుపు తెరిచి నెత్తి కొట్టుకున్నాడు. "ఏంది మేడం ఇది? బండంత సాంబారే. ఇంటికి వోతే, ఎవల పెండ్లిల తిని వచ్చినవ్ అంటది మా ఆమె."

పైవి కొత్తవాటిలా ఉన్నాయి. అడుగు ట్రే అంచు వేడికి మెత్తబడి, పై బరువుకు లోపలికి మడతపడింది.

"రేపే సరుకు పంపాలండీ. ఒక్కటే కదా పోయింది, పాస్ అని రాసేయండి," అన్నాడు లోహిత్.

మానేసే మనిషికి రాస్తే ఏం పోయింది అనుకుని పెన్ను తీసింది. చెయ్యి కదల్లేదు. ఎవరో ఆకలితో మూత తీస్తారు.

"రాయనండీ," అంది. అని, అతను అరుస్తాడని బిగుసుకుని నిలబడింది.

లోహిత్ తల గోక్కున్నాడు. "సరే, రేపు పంపడం ఆపి, అంచు మందం పెంచమంటాను. వచ్చే వారం కొత్తవొస్తాయి, మీరే చూడాలి మరి." టీ తాగడానికి వెళ్లిపోయాడు.

అంతే. కాదన్నాక కూడా మనుషులు టీ తాగుతారని ఆమెకు ఇన్నేళ్లూ ఎవరూ చెప్పలేదు. గుండెల మీద నుంచి ఎవరో లేచి వెళ్లినట్టయింది.

"నేనే చూస్తానండీ," అంది ఖాళీ గుమ్మంతో.

సాయంత్రం గుమ్మంలోనే అవినాష్ అడిగాడు. "చెప్పేశావా?"

"లేదు. మాననండీ."

అతను తల్లివైపు చూశాడు. ఆవిడ పొయ్యివైపు చూసింది.

ఆ ఇంట్లో మగవాళ్లు తిని లేచాకే ఆడవాళ్ల కంచాలు. వాసంతి మూడు కంచాలూ ఒకేసారి పెట్టి, గిన్నెలు మధ్యకు జరిపి, ముందు తను కూర్చుంది. అవినాష్ వడ్డన కోసం చూసి చూసి గరిటె అందుకున్నాడు. భ్రమరాంబ నేతిగిన్నెతో కాసేపు నిలబడింది. తర్వాత వచ్చి కోడలి పక్కన కూర్చుంది.

అత్తగారు వేడన్నం ఊదుకుంటూ తినడం వాసంతి చూడటం అదే మొదలు.