నలభై ఖాళీలు

1986 ఆగస్టు పదహారు, శనివారం. ఆ పూట తిన్నది బడిలో పంచిన పెసరపప్పు కిచిడీ, మోదుగాకు దొన్నెలో. ఎవరైనా అడిగితే చెంచురామయ్య ఇప్పటికీ తిండితో సహా చెబుతాడు. గోదావరి భద్రాచలం వీధుల్లోకి వచ్చిన ఆ రోజే స్నేహితుడు జకర్యా ట్రంకుపెట్టె కొట్టుకుపోయింది. దాని నిండా బొమ్మల కథల పుస్తకాలు.

మూడేళ్లయింది. ఈ ఉదయం కూడా చెంచురామయ్య అడవి చెక్‌పోస్టు దగ్గర వెదురు గేటు ఎత్తుతూ, దించుతూ ఉన్నాడు. సన్నటి మనిషి. కుడి భుజం ఎడమదానికంటే కాస్త కిందికి ఉంటుంది, గేటు తాడు లాగీ లాగీ. కాగితం మీద ఎన్ని దుంగలున్నా, లారీ చుట్టూ తిరిగి తాను లెక్కపెట్టందే గేటు ఎత్తడు. డ్రైవర్లు విసుక్కుంటారు, బీడీ ముట్టించుకుంటారు, చివరికి ఊరుకుంటారు.

రిజిస్టరు కింద ఆరు పొడుగు నోటుపుస్తకాలుంటాయి. వాటికి ఆయన పెట్టిన పేరు వీరకోశం. కామిక్స్‌లోని ప్రతి వీరుడికీ ఒక పేజీ. పేరు, బలం, బలహీనత, శత్రువు. ప్రతి వాక్యం చివరా అది ఏ సంచికలో, ఎన్నో పేజీలో ఉందో రాస్తాడు. యాభై మూడేళ్ల మనిషి చేసే పని కాదని నవ్వుతారేమోనని ఎవరికీ చూపడు. భార్య భారతమ్మ పోయాక సాయంత్రాలు మరీ పొడుగయ్యాయి. ఆమె మందుల కోసం వెళ్లిన రోజుల్లోనే మిషన్ దవాఖానా కాంపౌండరు జకర్యా మందుల బల్ల వెనక బొమ్మల పుస్తకం చదువుతూ దొరికిపోయాడు. అప్పటి నుంచి ఇద్దరూ కలిసి రాశారు.

వరద తర్వాత నలభై చోట్ల సంచిక, పేజీ సంఖ్యలు ఖాళీగా ఉండిపోయాయి. ఆ పుస్తకాలు జకర్యా దగ్గర తప్ప ఇంకెక్కడా లేవు. సంఖ్యలన్నీ తనకు గుర్తేనని జకర్యా అన్నాడు. కళ్లతో చూడనిది రాయనని చెంచురామయ్య అన్నాడు. ఆ మాట మీద పోయిన వేసవి నుంచి రాకపోకలు తగ్గాయి.

మధ్యాహ్నం బస్సు కండక్టరు గేటు దగ్గర దిగి నీళ్లు తాగాడు. జకర్యాను ఖమ్మం పెద్ద దవాఖానా వాళ్లు ఇంటికి పంపేశారనీ, ఇక చేసేదేం లేదన్నారనీ చెప్పాడు. చెంచురామయ్య గేటు తాడు కొక్కేనికి రెండుసార్లు చుట్టాడు. రెండో వాచర్‌కు డ్యూటీ అప్పగించి నాలుగు గంటల భద్రాచలం బస్సెక్కాడు. కండక్టరు ఆయనకు కిటికీ పక్క సీటు ఖాళీ చేయించాడు.

జకర్యా నులకమంచం మీద గోడకు ఆనుకుని ఉన్నాడు. మనిషి సగమయ్యాడు. చెల్లెలు ఆరోగ్యమ్మ స్టూలు తెచ్చి వేసింది.

"రాసినవా నా నలభై?" అన్నాడు జకర్యా.

"చూడందే ఎట్ల రాస్త అన్నా."

"నేను చూసిన గదా. నా కళ్లు కళ్లు గావా?"

చెంచురామయ్య సంచిలోంచి మూడో నోటుపుస్తకం తీసి మొదటి ఖాళీ చదివాడు. మెరుపు వస్తాదు తల్లి ముందు ముసుగు తీసింది ఎప్పుడు?

"ఇరవై మూడు. పదకొండో పేజీ. కింది బొమ్మ."

చెంచురామయ్య అది రాసి, పక్కన ఇంకో మాట చేర్చి చూపించాడు. 'చూసినవారు: జకర్యా.' జకర్యా పుస్తకాన్ని ముక్కు దగ్గరికి తెచ్చుకుని చాలాసేపు చూశాడు.

"నా పేరెందుకయ్యా అందుల?"

"సాక్ష్యం ఉండాలె గదా."

ఒక్కొక్కటే సాగింది. మధ్యలో ఆరోగ్యమ్మ జావ తాగించబోతే చేత్తో ఆగమన్నాడు. పద్దెనిమిదో ఖాళీ దగ్గర జకర్యా నుదురు ముడిపడింది.

"పన్నెండో, పదమూడో. యాదికొస్తలేదు. అది ఖాళీగనే ఉంచు."

చెంచురామయ్య పెన్సిల్ ఆగింది. మూడేళ్లుగా తాను నమ్మనిది ఈ మనిషినా అనుకున్నాడు. తల వంచుకుని తర్వాతది చదివాడు, కొంచెం గొంతు తగ్గించి.

ముప్పై ఒకటో ఖాళీకి జవాబు రాలేదు. మళ్లీ అడిగాడు. జకర్యా నిద్రపోతున్నాడు, నోరు కొద్దిగా తెరిచి.

"లేపకన్నా," అంది ఆరోగ్యమ్మ. "పది దినాలసంది కన్ను మూయలే. ఇయ్యాలనే పడుకుండు. మిగిలినయి ఆదివారం రాసుకోండ్రి."

చెంచురామయ్య సరేనన్నాడు. శుక్రవారం పొద్దున్నే కండక్టరు బస్సు ఆపి ఇంకో కబురు చెబుతాడు. ఆ పది ఖాళీలూ, పద్దెనిమిదోదీ అట్లాగే ఉండిపోతాయి. ఇప్పుడు మాత్రం ఆయన నోటుపుస్తకం సంచిలో పెట్టుకుని, చెప్పులు చేతబట్టుకుని, చప్పుడు కాకుండా వాకిట్లోకి నడిచాడు. చివరి బస్సు హారన్ వినిపించింది.

ఆరోగ్యమ్మ తలుపు చప్పుడు లేకుండా దగ్గరికి వేసి గడియ పెట్టింది. లోపల స్టూలు మీద, అన్న లేచాక తాగుతాడని ఆమె సాసరు మూసిపెట్టిన జావ గ్లాసు ఇంకా వెచ్చగానే ఉంది.