అత్తగారి ప్రాముఖ్యత

పాఠ్యపుస్తకాలు వేసే సంస్థలో ప్రూఫులు దిద్దే ఉద్యోగం ఆవిడది. మరిది మాత్రం ఆవిడని "కత్తెర వదిన" అంటాడు. ఆ పేరు ఆఫీసు వల్ల రాలేదు. ఇంటర్నెట్‌లో అందరూ కలిసి ఉచితంగా రాసుకునే విజ్ఞాన సర్వస్వంలో ఆవిడ ఒక నిర్వాహకురాలు. జీతం లేదు, సెలవుల్లేవు, తిట్లకు మాత్రం కొదవ లేదు. ఎవరైనా ఒక మనిషి గురించి వ్యాసం రాస్తే, ఆ మనిషికి అందులో ఉండదగ్గ ప్రాముఖ్యత ఉందా లేదా అని సభ్యులు చర్చిస్తారు. చర్చంతా చదివి, వ్యాసం ఉంచాలో తీసేయాలో తేల్చేది నిర్వాహకులు. ఓడిపోయిన కౌన్సిలర్లు, సొంత ఖర్చుతో పుస్తకాలు వేసుకున్న కవులు, తమ గురించి తామే రాసుకున్న జీవిత బీమా ఏజెంట్లు ఎందరో ఆవిడ చేతుల మీదుగా బయటికి నడిచారు.

"మనిషి గొప్పవాడా కాదా అన్నది నాకక్కర్లేదు" అనేది ఆవిడ. "ఆయనతో ఏ సంబంధమూ లేనివాళ్లు, కాస్త పరువున్న పత్రికలోనో పుస్తకంలోనో ఆయన గురించి వివరంగా రాశారా? రాస్తే ఉంటాడు. లేకపోతే లేదు."

లిఫ్టులు బాగుచేసే ఆవిడ భర్త ఈ మాట విన్నప్పుడల్లా, "అంటే మనింట్లో ఎవరమూ లేమన్నమాట" అని నవ్వేవాడు.

ఒక ఆదివారం పొద్దున ఆవిడ కాఫీ కప్పు పక్కన పెట్టుకుని ఆ వారం చర్చకు వచ్చిన పేర్లు చూస్తోంది. ఒక పేరు దగ్గర ఆగిపోయింది. అది తన అత్తగారి పేరు.

అత్తగారు ఊరి పెద్ద రైల్వే స్టేషన్లో రైళ్ల రాకపోకలు మైకులో చెప్పే ఉద్యోగం చేసి రిటైరయ్యారు. ఆ గొంతు వినకుండా ఆ ఊళ్లో రైలెక్కినవాళ్లు లేరు. ఇప్పటికీ కూరల బజార్లో ఆవిడ బేరమాడుతుంటే పక్కనున్నవాళ్లు తల తిప్పి, "మిమ్మల్ని ఎక్కడో విన్నామండీ" అంటారు. ఆవిడ తెలియనట్టు మొహం పెట్టి, లోపల్లోపల మురిసిపోతారు. రికార్డు చేసిన గొంతులు వచ్చాక ఆవిడని విచారణ కౌంటర్లో కూర్చోబెట్టారు. ఆ కోపం ఇంకా చల్లారలేదు.

వ్యాసం రాసింది మరిది. పక్క వీధిలో మందుల షాపు అతనిది. అమ్మ పుట్టినరోజుకి చెప్పాపెట్టకుండా కానుక ఇద్దామనుకున్నాడు. "సుప్రసిద్ధ ప్రకటనకర్త, నగరపు తొలి మహిళా గళం, లక్షలాది ప్రయాణికుల హృదయాల్లో చిరస్థాయిగా నిలిచిన మాతృమూర్తి" అని మొదలుపెట్టాడు. కింద ఆధారాలు అన్నచోట తన మందుల షాపు ఫేస్‌బుక్ పేజీ ఇచ్చాడు.

దాన్ని చర్చకు పెట్టింది రిటైరైన భూగోళం మాస్టారు ఒకాయన. "ఈవిడ గొంతు విన్నవాళ్లు లక్షల్లో ఉండొచ్చు. ఈవిడ గురించి రాసినవాళ్లు నాకు ఒక్కరూ కనబడలేదు. తొలగించాలి" అని రాశాడు. కింద మరో ఇద్దరు ముగ్గురు అవునన్నారు.

కోడలు ఆ మాటలు రెండుసార్లు చదివింది. మాస్టారిది తప్పంటానికి వీల్లేదు. వేరే ఇంటి అత్తగారైతే తను కూడా అచ్చం అలాగే రాసేది. చివరికి కింద, "ఈవిడ మా అత్తగారు. ఈ చర్చలో నేను నిర్ణయం తీసుకోను, అభిప్రాయమూ చెప్పను" అని రాసి, మరిదికి ఫోన్ చేసింది.

"నిర్ణయం తీసుకోకపోతే మానె వదినా, ఉంచాలి అని ఒక ముక్క రాస్తే నీ సొమ్మేం పోయింది?"

"రాయకూడదు. ఇంటిమనిషిని."

"ఇంటిమనిషివి కాకపోతే రాసేదానివా?"

"ఆధారాలుంటే..." అని నసిగింది ఆవిడ. అది చాలు మరిదికి. ఫోన్ పెట్టేశాడు.

సాయంత్రం విసురుగా ఇంటికొచ్చాడు. అత్తగారు భోజనాల బల్ల దగ్గర కూర్చుని బఠానీలు ఒలుస్తున్నారు. కానుక సంగతి దాచాలన్నది కూడా మరిచిపోయి, జరిగిందంతా ఒక్క గుక్కలో కక్కేశాడు. "ఊళ్లో వాళ్లు తీసెయ్యమంటున్నారంటే సరే అమ్మా. ఇంటి కోడలు నోరు మెదపనంటోంది!"

అత్తగారు బఠానీల గిన్నె పక్కకి జరిపి, "ఏదీ, ఏం రాశారో చదువు" అన్నారు కోడలితో.

కోడలు కంప్యూటర్ తెచ్చి వ్యాసమూ, చర్చా మొత్తం చదివింది. మధ్యలో అత్తగారు రెండుసార్లు ఆపారు. "అంత గబగబా కాదు. పేరు దగ్గర ఆగాలి. వినేవాడు పెట్టె దించుకుంటూ ఉంటాడు" అన్నారు. అలవాటు ఎక్కడికి పోతుంది? అంతా అయ్యాక మాత్రం ఆవిడ మొహం వాడిపోయింది.

"అయితే నేను లేనట్టేనా?"

"ఉన్నారత్తయ్యా. రాసినవాళ్లు లేరు."

"ఎలా రాస్తారు? మాటలాయె. రైలుతోపాటే వెళ్లిపోతాయి" అని లేచి తన గదిలోకి వెళ్లిపోయారు.

ఆ వారమంతా ఇల్లు స్టేషన్లా తయారైంది. అత్తగారు కోడలితో సూటిగా మాట్లాడటం మానేసి, గాలిలోకి ప్రకటనలు చేసేవారు. "భోజనం సిద్ధంగా ఉంది. చల్లారకముందే రావలసినవారు రాగలరు." "స్నానాల గదిలో కుళాయి కారుతోంది. సంబంధించినవారు గమనించగలరు." భర్త నవ్వు ఆపుకోలేక పళ్లెంలోకి తల వంచుకునేవాడు. కోడలికి నవ్వొచ్చేది, వెంటనే బాధేసేది. పెళ్లయి వచ్చిన కొత్తలో, ఆఫీసులో ప్రూఫుల్లో తప్పు వదిలేశానని ఏడుస్తూ వస్తే, పక్కన కూర్చోబెట్టుకుని ఓదార్చిన గొంతది. ఆ గొంతుకి ఆధారం ఎక్కడ వెతకాలి?

మళ్లీ ఆదివారం వచ్చేసరికి వేరే నిర్వాహకుడు చర్చ ముగించి వ్యాసం తీసేశాడు. కోడలు ఆ సంగతి ఎలా చెప్పాలా అని తటపటాయిస్తుంటే అత్తగారే వచ్చి ఎదురుగా కూర్చున్నారు.

"తీసేశారా?"

"తీసేశారత్తయ్యా."

"మంచిదే అయింది. అందులో ఒక అబద్ధం ఉంది. వారం నుంచీ గుచ్చుకుంటోంది నాకు. తొలి ఆడ గొంతు నాది కాదు. నాకంటే ముందు ఒకావిడ ఉంది, స్టేషన్లో అందరం అక్క అనేవాళ్లం."

ఆ అక్క గురించి కోడలు ఎప్పుడూ వినలేదు. అత్తగారు చెప్పుకొచ్చారు. ఆ రోజుల్లో మైకు ముందు మగవాళ్లే కూర్చునేవారు. అక్క టికెట్లు ఇచ్చేది. ఒక తుఫాను రోజున పట్టాలు నీట మునిగాయి. రైళ్లన్నీ ప్లాట్‌ఫారాలు మారుతున్నాయి. మైకు దగ్గర ఉండాల్సినవాడు నీళ్లలో చిక్కుకుని రాలేదు. జనం ఒక్కసారిగా వంతెన మీదికి ఎగబడుతుంటే అక్క కౌంటర్ మూసేసి వెళ్లి మైకందుకుంది. రైలు వివరం ఒక్కటీ చేతిలో లేకపోయినా, "ఎవరూ పరుగెత్తొద్దు, మీరెక్కకుండా ఏ రైలూ కదలదు, నేను కదలనివ్వను" అని చెబుతూనే ఉంది. వంతెన మీద ఒక్కరికీ దెబ్బ తగల్లేదు. మర్నాడు పైవాళ్లు సంజాయిషీ అడిగారు, ఎవరి అనుమతితో మాట్లాడావని. ప్రయాణికులు ఊరుకోలేదు. ఆఖరికి ఆ ఉద్యోగం అక్కకే ఇచ్చారు. తరవాత ఊరూరా తిరిగి ఎందరో ఆడపిల్లలకి ఆ పని నేర్పింది.

"నాకు ఊపిరి పట్టడం నేర్పింది తనే" అన్నారు అత్తగారు. "పేపర్లలో కూడా వేశారప్పట్లో. చాలాసార్లు."

కోడలు కుర్చీలో నిటారుగా కూర్చుంది. "ఏ పేపరత్తయ్యా?"

అలకలో ఉన్న మరిదిని భర్త వెళ్లి లాక్కొచ్చాడు. అతను షాపు పనివాళ్ల మీద వదిలేసి, తల్లిని వెంటబెట్టుకుని, వదినతో కలిసి ఊరి గ్రంథాలయానికి వెళ్లాడు. పాత పత్రికల గదిలో తుమ్ముకుంటూ బైండు పుస్తకాలు తిరగేశారు. తుఫాను వార్త దొరికింది. అక్కతో పేజీ నిండా ఒక ఇంటర్వ్యూ దొరికింది. రైల్వేలో పనిచేసిన ఆడవాళ్ల గురించి ఎవరో పరిశోధించి వేసిన పుస్తకంలో ఒక అధ్యాయం మొత్తం ఆవిడ మీదే ఉంది. శిక్షణ తరగతుల మీద వచ్చిన మరో వ్యాసంలో ఫొటో: మైకు ముందు అక్క, పక్కన బిక్కమొహం వేసుకుని ఒక అమ్మాయి. కింద ఆ అమ్మాయి పేరు అచ్చయి ఉంది.

అత్తగారు ఆ ఫొటోని వేలితో తడిమి, "ఆ చెవిపోగులు నావి కావు, అక్కవి. ఫొటో తీసేవాళ్లొస్తున్నారని తీసి నాకు పెట్టింది" అన్నారు.

అక్క మీద వ్యాసం మరిదే రాస్తానన్నాడు. రాసి పంపితే వదిన పని మొదలుపెట్టింది.

"ధీరవనిత తీసెయ్."

"పోనీ, ధైర్యశాలి?"

"అదీ తీసెయ్."

"ఇలా చెక్కుతూ పోతే మనిషి మిగులుతుందా వదినా?"

"తుఫాను రోజు ఏం చేసిందో ఉన్నదున్నట్టు రాయి. మిగులుతుంది."

అత్తగారు అక్క దగ్గర పనిచేసినట్టు మరిదీ, వదినా చర్చ పేజీలో ముందే చెప్పేశారు. భూగోళం మాస్టారు పత్రికల తేదీలన్నీ సరిచూసుకుని, "ఆధారాలు గట్టివి. ఉండదగిన వ్యాసం" అని రాశాడు. పైగా తుఫానులో మునిగిన రైలు మార్గాల పటం ఒకటి గీసి చేర్చాడు. చివరి పేరాలో అక్క దగ్గర నేర్చుకున్నవాళ్లలో ఒకరిగా అత్తగారి పేరు వచ్చింది, ఫొటో ఉన్న పత్రిక ఆధారంగా.

"ఒక్క వాక్యమేనా?" అన్నారు అత్తగారు కళ్లజోడు సర్దుకుంటూ.

"ఆధారం ఉన్నంత వరకేనత్తయ్యా."

"గట్టి పిండానివే" అని కోడలి నెత్తిన మెల్లగా మొట్టి, ఆ వాక్యాన్ని తన స్టేషన్ గొంతుతో పైకి చదివారు. తన పేరు దగ్గర కాస్త ఎక్కువసేపే ఆగారు.

అక్క ఇంకా ఉంది. వేరే ఊళ్లో కూతురి దగ్గర ఉంటోంది. ఫోన్ చేసి, అందరికీ వినబడేలా పెట్టి, వ్యాసమంతా చదివి వినిపించారు. అవతలి నుంచి పండు ముసలి గొంతు, కానీ ఒక్క అక్షరం చెదరని గొంతు, పలికింది.

"పుట్టిన సంవత్సరం తప్పు. నన్ను పెద్దదాన్ని చేసేశారు."

"ఇంటర్వ్యూలో అలాగే ఉందండీ" అంది కోడలు.

"ఉంటుంది. వయసు చాలదంటారేమోనని అప్పుడు నేనే పెంచి చెప్పాను. ఇప్పుడు మార్చండి."

"మీరు చెబితే మార్చకూడదండీ. ఎక్కడైనా అచ్చులో ఉండాలి."

"నేనెప్పుడు పుట్టానో నాకు తెలియదుటే అమ్మాయ్?"

మరిది పగలబడి నవ్వాడు. అత్తగారు ఫోన్ అందుకుని కుర్చీలో వెనక్కి వాలారు.

"అక్కా, నువ్వు ఆవేశపడకు. ఇదేంటో నేను నిదానంగా చెబుతాను, విను. మన గురించి మనం ఎంత చెప్పుకున్నా అక్కడ లెక్కలోకి రాదు..."

కోడలు టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్లింది. టీ మరిగినా ఆ సంభాషణ తెమల్లేదు.