తమ్ముడి రిపోర్టు

తోటికోడలు వండిన కూర ఎంత బాగున్నా పెద్దకోడలు ఆ మాట ముందుగా అనదు. "ఇంకెవరైనా తిని చెప్పనీ" అంటుంది. ఇద్దరూ ఒకే వంటగదిలో మసలడం మొదలైనప్పటి నుంచీ ఇదే వరస. అది కుళ్ళని ఆమెకు తెలుసు. చిన్నకోడలికీ తెలుసు.

అన్నదమ్ములిద్దరూ నిఘా విభాగంలోనే పనిచేస్తారు. తమ్ముడు బయట తిరిగి సమాచారం తెస్తాడు. ఏది పైకి పంపాలో ఆఫీసులో కూర్చుని అన్న తేలుస్తాడు. రైల్వే స్టేషన్‌లో బాంబు పెడతారని తమ్ముడు ముందే రాసిచ్చాడు. ఆ రిపోర్టు అన్న బల్ల మీదే ఉండిపోయింది. బాంబు పేలింది. పోయినవాళ్ళలో వీధి చివరి దర్జీ కూతురు కూడా ఉంది.

తెల్లవారితే విచారణ. పెద్దకోడలు చొక్కా ఇస్త్రీ చేస్తుంటే భర్త తన జవాబు వల్లె వేసుకుంటున్నాడు.

"తమ్ముడి రిపోర్టయితే ఇంకొకరి నుంచి కూడా అదే మాట వచ్చేదాకా ఆపుతాను. మొదటి నుంచీ నా పద్ధతి అంతే. లేకపోతే సొంతవాణ్ణి పైకి తెస్తున్నానంటారు."

ఎంత నిజాయితీపరుడో అని ఆఫీసంతా మెచ్చుకున్న పద్ధతి అది.

"మరి మరిది సంగతి?"

"అర్జెంటని పైన రాయలేదు వాడు. అనుభవించనీ."

పోయినేడు మరిదికి పతకం వచ్చినప్పుడు, "మిమ్మల్ని దాటిపోతున్నాడు, చూస్తూ కూర్చోండి" అని ఎగదోసింది తనే.

చిన్నకోడలు గుమ్మంలోకి వచ్చింది. "అక్కా, కూర దింపాను. ఆయన ముద్ద ముట్టట్లేదు. ఉద్యోగం గురించి కాదట. ఆ దర్జీ పిల్లే కళ్ళ ముందు కనపడుతోందట." బావగారి వైపు ఒకసారి చూసి, ఇంకేం అడగలేక వెళ్ళిపోయింది.

పోయినవాళ్ళ కోసం ఏడ్చే మొగుడు దొరికాడు దానికి. దాని మీదా కడుపు మండింది పెద్దకోడలికి.

"ఏమండీ, ఆ రిపోర్టు చదివినప్పుడు మీకేమనిపించింది?"

"ఏమనిపిస్తుంది?"

"నిజమనిపించిందా, లేదా?"

"అనిపించింది."

"ఇంకెవరైనా రాసుంటే?"

"ఆ సాయంత్రమే పంపేవాణ్ణి" అన్నాడు చటుక్కున. అని ఆగిపోయాడు.

"కూర నోట్లో పెట్టుకోగానే నాకూ తెలుస్తుంది బాగుందని. అయినా ఇంకొకళ్ళు చెప్పాలంటాను. ఎందుకో మీకు తెలీదా?"

"కూరకీ దీనికీ పోలికేంటే!" అని అరిచాడు.

"నా ఏడుపుకి ఎవరూ చావలేదు."

ఆమె చొక్కా మడతపెట్టి కుర్చీ మీద పెట్టింది.

మర్నాడు సాయంత్రం చిన్నకోడలు పరుగున వంటగదిలోకి వచ్చింది.

"అక్కా! తప్పంతా తనదేనని బావగారు చెప్పేశారట. రిపోర్టు నిజమని అప్పుడే తెలుసనీ, తమ్ముడిది కాబట్టే ఆపాననీ... మీ మరిది ఇప్పుడే ఫోన్ చేశారు."

"ఉద్యోగం?"

చిన్నకోడలు తల దించుకుంది.

'ఇంకేం, ఇక మీ ఆయనే గొప్పవాడు' అనే మాట పెద్దకోడలి నోటిదాకా వచ్చింది. మింగేసింది. పొయ్యి మీది గిన్నెలోంచి గరిటెతో కాస్త కూర తీసి నోట్లో వేసుకుంది.

"బాగుంది."

"ఏంటక్కా?"

"కూర. మళ్ళీ మళ్ళీ చెప్పించుకోకు."